ఆరు వందల గజాల లోపు

మా ఇంటి మీద మూడు కిలోవాట్ల సోలార్ ఉంది. 2024 వేసవి నాటికి మా వీధిలో అదే మొదటిది. కరెంటు బిల్లు ఎంతొచ్చిందని ఎవరైనా అడిగితే లోపలికి వెళ్లి తెచ్చి మరీ చూపించేవాణ్ణి. అదే ఇంట్లో, ఆ ప్యానెళ్ల కిందే, మేడ మీద వాటాలో ఒక కుటుంబం ఆ వేసవంతా ఉడికిపోయింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిశాక రాయకుండా ఊరుకోలేకపోతున్నాను. ఎందుకంటే నా బుద్ధితక్కువతనం నా ఒక్క ఇంటితో ఆగలేదు.

నేను సింగరేణి బొగ్గు గనుల ప్రాంతంలోని ఒక మునిసిపాలిటీలో, టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. ఇల్లు కట్టుకోవడానికి పర్మిషన్ కోసం వచ్చేవాళ్లకు ముందు కనిపించే మనిషిని నేనే. 2020లో టీఎస్-బీపాస్ వచ్చి దరఖాస్తులన్నీ ఆన్‌లైన్ అయ్యాయి గానీ, జనం మాత్రం ఆఫీసుకు రావడం మానలేదు. 75 గజాల లోపు స్థలమైతే ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలని, అంతకు మించితే సెట్‌బ్యాక్ ఎంత వదలాలని, ఇంకుడుగుంత ప్లానులో ఎక్కడ చూపాలని నేనే చెప్పేవాణ్ణి. పై అధికారులు ఎవరో, సచివాలయంలో ఏం రాశారో వాళ్లకు తెలియదు. నా నోటి వెంట వచ్చిందే వాళ్లకు ప్రభుత్వం మాట. ఆ మాట బరువు నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. దేశంలో ఒక రాష్ట్రం ఇలాంటి విధానం తీసుకురావడం అదే మొదలు. అయిదేళ్లలో, అంటే 2028 నాటికి, 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులను చల్లబరచాలని లక్ష్యం. అందులో 200 హైదరాబాదులో, తక్కిన 100 మిగతా పట్టణాల్లో. పెద్ద ఖర్చూ కాదు, పెద్ద విద్యా కాదు. ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత వేయడమో, తెల్ల టైల్స్ పరచడమో, పైన మెంబ్రేన్ కప్పడమో. ప్రభుత్వ భవనాలకు, వ్యాపార భవనాలకు తప్పనిసరి. ఇళ్లకైతే 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టేవాటికి తప్పనిసరి. అంతకు లోపల ఎవరిష్టం వాళ్లది.

ఆ కాగితం నా టేబుల్ మీదికి వచ్చింది. చదివాను. మా ఊళ్లో ఆరు వందల గజాల ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కార్మికులు, చిన్న వ్యాపారులు, ఆటోవాళ్లు కట్టుకునేవన్నీ వంద, నూట ఇరవై, మహా అయితే రెండు వందల గజాలు. మనకు పెద్దగా పనిలేని కాగితం అనుకుని ఫైల్లో పెట్టేశాను. కొన్నాళ్లకు ఒక ఆటో డ్రైవర్, నూట ఇరవై గజాల్లో స్లాబు ఇల్లు కట్టుకుంటున్నవాడు, అడిగాడు: "స్లాబు మీద తెల్లరంగు వెయ్యాలంటున్నరంట గదా సార్, మాక్కూడా ఉంటదా?" నేను అతని ప్లాను మీద వేలు పెట్టి, "మీది ఆరొందల గజాల లోపే, మీకు రూలు లేదు" అన్నాను. అతని ముఖం తేలికపడింది. అతనికి ఓ పది, పదిహేను వేలు మిగిల్చానని నాకూ సంతోషమేసింది. ఆ తర్వాత అడిగిన వాళ్లందరికీ అదే జవాబు చెప్పాను. రూలు లేకపోయినా వేసుకోమని, వేసుకుంటే మీకే మంచిదని ఒక్కరికి కూడా చెప్పలేదు.

ఇది తెలియక చేసింది కాదు. ఉద్యోగంలో ఉండగా ఓసారి శిక్షణ కోసం మమ్మల్ని హైదరాబాదు పంపి, కొండాపూర్ దగ్గర ఉన్న సీఐఐ-సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ చూపించారు. అది మామూలు భవనం కాదు. హరిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపును అమెరికా బయట పొందిన మొట్టమొదటి కట్టడం. 2004 జూలైలో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం, పారిశ్రామిక సమాఖ్య, గోద్రెజ్ వాళ్ల ఫౌండేషన్ కలిసి కట్టించినది. మధ్యలో ఆకాశానికి తెరిచిన లోగిలి, దాని చుట్టూ గదులు. బయటి గోడలకు జాలీలు. ఎండ వాటి గుండా ముక్కలై లోపలికి వచ్చి నేల మీద పడుతోంది. పైకప్పులో ఎక్కువ భాగం మట్టి, పచ్చిక. గాలిని లోపలికి తీసుకుని చల్లబరిచి పంపే గోపురాలు రెండు. ఇవన్నీ చేసి కరెంటు అవసరాన్ని మామూలు భవనం వాడేదాంట్లో సగానికి దించి, ఆ మిగిలిన దానిలో కొంత భాగం కోసం పైన సోలార్ ప్యానెళ్లు పెట్టారు. చూపించినాయన ఈ వరుసే చెప్పాడు: ముందు వేడిని లోపలికి రానివ్వకుండా చూశాం, ఆ తర్వాతే కరెంటు సంగతి.

నేను ఆ ప్యానెళ్ల ముందు నిలబడి ఫోటో దిగాను. లోగిలినీ జాలీలనూ కంపెనీలవాళ్లకు చెల్లే వేడుకలుగా చూశాను. మా అమ్మమ్మగారింట్లో మండువా ఉండేది. దాని చూరు కింద మధ్యాహ్నం పూట నిద్రపోయే బాల్యం నాది. ఆ చల్లదనమే ఇక్కడ శాస్త్రంగా నిలబడి ఉందని అప్పుడు తోచలేదు. మెరిసే నల్లటి పలకలు మాత్రం కొత్త కాలానికి గుర్తుగా కనిపించాయి. నేను వెంట తెచ్చుకున్నది అదొక్కటే.

కూల్ రూఫ్ కాగితం వచ్చిన ఏడాదే, 2023 చివర్లో, మా ఇంటి మీద పై వాటా కట్టించాను. రెండు వందల గజాల స్థలం, పడమటి వాకిలి. ఇంజనీరు కుర్రాడు వేసిన ఎస్టిమేట్‌లో టెర్రస్ మీద తెల్లటి కూలింగ్ టైల్స్ ఉన్నాయి. పడమటి కిటికీలకు రెండడుగుల సన్‌షేడ్‌లు ఉన్నాయి. గోడలకు తేలిక దిమ్మెలు, అంటే ఏఏసీ బ్లాకులు రాశాడు. మామూలు ఇటుక కన్నా వేడిని చాలా తక్కువగా లోపలికి పంపుతాయని చెప్పాడు కూడా. నేను ఆ కాగితం తీసుకుని ఎర్ర పెన్నుతో ఒక్కొక్కటే కొట్టేశాను. టైల్స్ ఎవరికి కనిపిస్తాయి? సన్‌షేడ్‌లు ముందుకు వస్తే ఎలివేషన్ ఏం బాగుంటుంది? అలా మిగిలిన డబ్బు, ఇంకొంత కలిపి, వీధి వైపు మెట్ల హాలుకు నిలువెత్తు నీలి అద్దం పెట్టించాను. పక్కన అల్యూమినియం ఏసీపీ షీట్లు. పడమటి ఎండ మధ్యాహ్నం రెండింటి నుంచి పొద్దుగూకే దాకా ఆ అద్దం మీదే ఉంటుందని ఆ కుర్రాడు రెండుసార్లు చెప్పాడు. "నేను ముప్పై ఏళ్లు ప్లాన్లు చూశాను బాబూ" అన్నాను. నేను చూసింది కొలతలు. ప్లాను కాగితం మీద సూర్యుడు ఉండడు.

2024 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం తెచ్చింది. కోటి ఇళ్ల మీద సోలార్ పెట్టాలని 75,021 కోట్ల రూపాయలు కేటాయించారు. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30 వేలు, మూడోదానికి 18 వేలు. మూడు కిలోవాట్లు పెట్టుకుంటే మొత్తం 78 వేల రూపాయలు సబ్సిడీగా మన బ్యాంకు ఖాతాలో పడతాయి. ఇది మంచి పథకం. నేను ఇక్కడ రాసేదేదీ దానికి వ్యతిరేకం కాదు. మన ప్రాంతంలో ఒక కిలోవాటు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది. ఇంత ఎండను ఊరికే పోనివ్వడం అన్యాయమే. నేను తొలి వరుసలోనే దరఖాస్తు పెట్టాను.

బిగించడానికి వచ్చిన కుర్రాళ్లు ఒక సలహా ఇచ్చారు. "ఇంకొంచెం ఖర్చు పెట్టుకుంటే స్ట్రక్చర్ ఎనిమిదడుగుల ఎత్తులో లేపుతాం సార్. కింద తిరగొచ్చు, బట్టలు ఆరేసుకోవచ్చు, స్లాబుకు నీడ వస్తది." ఎత్తు లేపితే వీధిలోంచి ఇనుప కాళ్లు కనిపించి ఎలివేషన్ పాడవుతుందని వద్దన్నాను. దక్షిణం వైపు, హాలు మీద, మోకాలెత్తు స్టాండ్ల మీద బిగించేశారు. ఉత్తరం వైపు పడకగది మీద స్లాబు ఒట్టిగా, సిమెంటు రంగులో అలాగే ఉండిపోయింది. మీటరు మార్చారు, సబ్సిడీ పడింది. ఓ అవగాహన సదస్సులో నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. మైకులో పది నిమిషాలు మాట్లాడాను. ఇంటి చల్లదనం గురించి అందులో ఒక్క మాట లేదు.

ఆ పై వాటాలో అద్దెకు దిగినవాళ్లు కొత్తగా పెళ్లైన జంట, వాళ్లకో పసిపిల్ల. అతను ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గు మీది మట్టి తొలగించే ఓబీ పనులు చేసే కాంట్రాక్టరు దగ్గర కార్మికుడు. ఎక్కువగా నైట్ షిఫ్ట్. రాత్రంతా దుమ్ములో నిలబడి, పొద్దున వచ్చి, పగలు నిద్రపోవాల్సిన మనిషి. పగటి నిద్రకు అతనికి దొరికిన చోటు నేను తెల్లపూత కొట్టేసిన స్లాబు కింద పడకగది.

ఏప్రిల్ సగానికి వచ్చేసరికి మెట్ల మీద కనిపించినప్పుడు కళ్లు ఎర్రగా ఉండేవి. ఓ రోజు ఆగి చెప్పాడు. "ఏమనుకోకండి సార్. పగలు పండుకుంటే నెత్తి మీద పెనం పెట్టినట్టు ఉంటంది. ఫ్యానేస్తే ఇంకా ఉడుకు గాలి కొడ్తంది." మా ఊరి ఎండలు అంతే, అందరికీ అంతే, కూలర్ పెట్టుకో అన్నాను. కూలర్ కొన్నాడు. ఆ అమ్మాయి సాయంత్రాలు బిందెలతో మేడ మీదికి నీళ్లు మోసి స్లాబు మీద గుమ్మరించేది. ట్యాంకు తొందరగా అయిపోతోందని మా ఆవిడ అంటే, నేను పైకి వెళ్లి నీళ్లు వృథా చేయొద్దని చెప్పి వచ్చాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు.

మే నెలలో ఓ రాత్రి పిల్లకు జ్వరమని, మా ఇంట్లో థర్మామీటరు ఉందేమోనని ఆ అమ్మాయి కిందికి వచ్చింది. అతను షిఫ్ట్‌కు పోయి ఉన్నాడు. నేనూ మా ఆవిడా పైకి వెళ్లాం. రాత్రి పదకొండు దాటింది. నేను ఆ వాటా అద్దెకిచ్చాక లోపలికి అడుగుపెట్టడం అదే మొదటిసారి. పడకగదిలోకి వెళ్లగానే పైనుంచి వేడి ముఖానికి కొట్టింది. బయట గాలి చల్లబడి చాలాసేపైంది. గది మాత్రం చల్లబడలేదు. లాఫ్ట్ అంచు పట్టుకుని చెయ్యి పైకి చాపి సీలింగు తాకాను. అరచేయి ఎక్కువసేపు ఉంచలేకపోయాను. మంచం పడకగదిలో లేదు.  హాల్లోకి జరిపి, దక్షిణపు గోడకు ఆనించి వేసుకున్నారు. దాని మీద తడి దుప్పటి పరిచి ఉంది, అంచులు ఆరిపోయి. పిల్ల మెడ నిండా, వీపు నిండా చెమటకాయలు.

"మంచం ఇటు వేశారేమమ్మా?" అని అడిగాను.

"ఆ మూలకు కొంచెం సల్లగ ఉంటది బాబాయ్. ఎందుకో తెల్వదు. పాప అక్కడైతేనే పండుకుంటది" అంది.

నాకు తెలుసు. ఆ మూలకు సరిగ్గా పైన ప్యానెళ్లు ఉన్నాయి. అవి కరెంటు చేయడానికి పెట్టినవని నేననుకున్నాను. ఆ కాస్త మేర స్లాబు మీద ఎండ పడకుండా నీడ పట్టేవి కూడా అవే. ఒక పసిపిల్ల ఏ పుస్తకమూ చదవకుండా ఆ నీడ అంచు ఎక్కడుందో కనిపెట్టింది. నేను ఎనిమిదడుగుల స్ట్రక్చర్ వద్దనకుండా పడకగది మీద లేపించి ఉంటే ఆ నీడ ఉత్తరపు గదికి దక్కేది. సీలింగు తాకిన చెయ్యి కిందికి దించేసరికి నాకు ఎస్టిమేట్ కాగితం మీద ఎర్ర గీతలు గుర్తొచ్చాయి.

ఆ తర్వాత కూర్చుని సరిగ్గా చదివాను. చదవాల్సిన వయసులో, చదవాల్సిన కుర్చీలో కూర్చుని చదవనివి. ఒట్టి సిమెంటు స్లాబు మే ఎండలో పై మొహాన అరవై డిగ్రీలు దాటుతుంది. ఆ వేడి అయిదంగుళాల కాంక్రీటు దాటి కిందికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే మిట్టమధ్యాహ్నం కన్నా సాయంత్రం గది ఎక్కువ ఉడుకుతుంది, రాత్రి పొద్దుపోయేదాకా ఆ వేడి దిగదు. ఇళ్ల కోసం బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018 డిసెంబరులో తెచ్చిన ఎకో నివాస్ సంహితలో, పైకప్పు గుండా వేడి దిగే కొలత చదరపు మీటరుకు, డిగ్రీకి 1.2 వాట్లు మించకూడదని ఉంది. నేను వేయించిన ఒట్టి స్లాబుకు ఆ కొలత మూడుకు పైనే. ఆ సంహిత పుస్తకం మా సెక్షన్ బీరువాలో ఉండేది. దాని అట్ట రంగు కూడా నాకు గుర్తుంది.

ఇంకో లెక్క ఇంతకన్నా బాధపెట్టింది. సోలార్ పగలు పనిచేస్తుంది. స్లాబు రాత్రి కాలుస్తుంది. పగలు నా ప్యానెళ్లు చేసిన కరెంటు గ్రిడ్‌లోకి పోయి నా మీటరులో జమ అయ్యేది. రాత్రి నేను కింద ఏసీ పెట్టుకున్నప్పుడు వచ్చే కరెంటు మాత్రం ఎక్కువ భాగం బొగ్గుదే. నెట్ మీటరు రెండింటినీ కూడి తీసివేసి బిల్లులో దాదాపు సున్నా చూపించేది. ఆ సున్నా చూసి నేను బొగ్గు వాడటం లేదనుకున్నాను. పైవాటా అతను ఆ రాత్రి ఓపెన్‌కాస్ట్‌లో మట్టి తొలగించేది ఆ బొగ్గు కోసమే. పొద్దున ఇంటికొచ్చి నిద్రపోవడానికి నేను అతనికి చల్లటి కప్పు ఇవ్వలేదు.

అతని మీటరు వేరు. సోలార్ నా కనెక్షన్‌కే జోడించి ఉంది. ప్యానెళ్లు వాళ్ల నెత్తి మీద, యూనిట్లు నా ఖాతాలో. అప్పటికి రాష్ట్రంలో గృహజ్యోతి పథకం వచ్చింది. నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన ఇళ్లకు, అద్దెకున్నవాళ్లకైనా సరే, సున్నా బిల్లు. అయితే ఏ నెలైనా 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. చలికాలం కొసన వాళ్ల వాడకం వంద కూడా లేదు. రాత్రింబవళ్లు కూలరు, రెండు ఫ్యాన్లు, పగలు తలుపులేసుకుని లైటు, తడవతడవకూ మోటారు. మే నెలలో 200 దాటింది. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన కరెంటును ఆ కుటుంబం చేతిలోంచి లాక్కున్నది నా స్లాబు. ఒక పథకం వల్ల నేను లాభపడ్డాను. నేను ఇంకో పథకాన్ని పట్టించుకోనందువల్ల వాళ్లు మూడో పథకం పోగొట్టుకున్నారు.

జూన్‌లో వాళ్లు ఖాళీ చేశారు. ఏ గొడవా పడలేదు. పాత కాలనీలో పెంకుటింట్లోకి మారుతున్నామని, అక్కడ పిల్ల నిద్రపోతోందని చెప్పి వెళ్లారు. అద్దెకు పక్కా ఇల్లు వదిలి పెంకుటింటికి పోతున్నారని మా వీధిలో వింతగా చెప్పుకున్నారు. నాకు వింతగా అనిపించలేదు.

కట్టడాల్లో కరెంటు ఆదా గురించిన మన నిబంధనలన్నీ ఒక గీత దగ్గర మొదలవుతున్నాయి. వ్యాపార భవనాల కోసం 2007లో వచ్చి 2017లో సవరించిన ఎనర్జీ కన్జర్వేషన్ బిల్డింగ్ కోడ్ 100 కిలోవాట్లు, ఆపైన లోడు ఉన్నవాటికి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014లోనే దాన్ని తన నిబంధనల్లోకి తెచ్చుకుంది. అది మంచి పేరే. ఎకో నివాస్ సంహిత 500 చదరపు మీటర్లు, ఆపైన స్థలాల్లో కట్టే ఇళ్లకు. కూల్ రూఫ్ విధానపు 600 గజాలూ సుమారు అంతే. పెద్ద భవనాల నుంచి మొదలుపెట్టడంలో తర్కం ఉంది. అవి తక్కువ సంఖ్యలో ఉంటాయి, ఎక్కువ కరెంటు తింటాయి, తనిఖీ చేయడం సులువు. ఢిల్లీలో 2014లో ప్రారంభమైన ఇందిరా పర్యావరణ్ భవన్‌ను చూపించి ఒక ప్రభుత్వ కార్యాలయం తన కరెంటు తానే చేసుకోగలదని చెప్పొచ్చు. దాని మీద 930 కిలోవాట్ల సోలార్ ఉంది. కానీ ఎండకు చచ్చిపోయేవాళ్లు ఆ భవనాల్లో ఉండరు. 2015 మే వడగాలుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి సుమారు రెండు వేల మంది పోయారు. వాళ్లలో పొలాల్లో, రోడ్ల మీద పడిపోయినవాళ్లు ఉన్నారు, ఇళ్లలో పోయిన ముసలివాళ్లూ ఉన్నారు. రేకుల కింద, ఒట్టి స్లాబుల కింద ఉండేది ఆ గీతకు ఇవతలి జనం.

గీత గీసినవాళ్లు ఇవతలివాళ్లను వదిలేయమని ఎక్కడా రాయలేదు. స్వచ్ఛందంగా చేసుకునేలా ప్రోత్సహించాలనే రాశారు. ఆ ప్రోత్సహించాల్సిన మనిషిని నేను. నా దాకా వచ్చి ఆ మాట చచ్చిపోయింది. పేదల ఇళ్లలో అది పనిచేయదేమోనన్న అనుమానానికి కూడా చోటు లేదు. 2017లోనే హైదరాబాదు దేవరకొండ బస్తీలో పాతిక ఇళ్ల మీద తెల్లటి పొర పరిచి చూశారు. లోపల సగటున రెండు డిగ్రీలు తగ్గింది. ఏసీ లేని ఇంట్లో రెండు డిగ్రీలంటే పసిపిల్ల నిద్ర.

నాకు ఒక కోరిక ఉంది. సోలార్‌కు 78 వేలు ఇచ్చేటప్పుడు, ప్యానెళ్ల ఫోటో అడిగినట్టే, మిగిలిన పైకప్పు మీద తెల్లపూత ఫోటో కూడా అడగాలి. పూతకు ఆ రోజుల్లో చెప్పిన ఖర్చు చదరపు మీటరుకు 300 రూపాయలు. నా స్లాబు మొత్తానికి ముప్పై వేలు కాదు. నేను అద్దానికి పెట్టినదాంట్లో అది నాలుగో వంతు. ప్యానెళ్లు బిగించాక వాటి కింద పూత వేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. బోల్టుల చుట్టూ కడగలేరు, బ్రష్షు దూరదు. అందుకే ముందు పూత, తర్వాత బిగింపు అని పథకంలోనే ఉండాలి. ఈ మాట జిల్లా అధికారులకు కాగితం మీద రాసిచ్చాను. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు ఉచితంగానే సోలార్ పెట్టిస్తున్నారు. ఆ ఇళ్ల స్లాబుల మీద కూడా ఇదే పని ముందు జరగాలని నా ఆశ.

నేను చేసింది చెప్తాను. 2025 ఎండలు రాకముందే మేడ కడిగించి, పగుళ్లు పూడ్పించి, తెల్లపూత రెండు పొరలు వేయించాను. ప్యానెళ్లను విప్పించి ఎత్తు లేపించాను. వీధిలోంచి ఇనుప కాళ్లు బాగా కనిపిస్తున్నాయి. పడమటి కిటికీలకు సన్‌షేడ్‌లు పోయించాను. నీలి అద్దం బయట వెదురు తడకలు కట్టించాను. వేసవి మధ్యాహ్నాలు అవి దించి ఉంటాయి. నా ఏసీని 24 డిగ్రీల కన్నా కిందికి పెట్టడం మానేశాను. డిగ్రీ పెంచిన కొద్దీ ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుందని బ్యూరోవాళ్లు ఎప్పటి నుంచో చెబుతూనే ఉన్నారు. ఇప్పుడు పైవాటాలో ఉన్నవాళ్లకు వేసవి నెలల్లో అద్దెలో కొంత తగ్గిస్తున్నాను. వాళ్ల కప్పు మీద పడే ఎండ నా ఖాతాలో జమ అవుతోంది కాబట్టి అది వాళ్లకు రావాల్సిందే.

పాత కాలనీకి వెళ్లి ఆ కుటుంబాన్ని కలిశాను. పెంకుల మీద సున్నం కొట్టి ఉంది, చూరు ముందుకు వంగి గోడకు ఎండ తగలనివ్వడం లేదు. అతను లోపల నిద్రపోతున్నాడు. పగలు పన్నెండింటికి, ఒక ఫ్యాను కింద. ఆ అమ్మాయి లేపబోతే వద్దన్నాను. వేసవిలో వాళ్లు కట్టిన కరెంటు బిల్లూ, కూలరు ఖరీదూ లెక్కగట్టి కవరులో పెట్టి తీసుకెళ్లాను. ఎందుకిస్తున్నానో చెప్పాను, స్లాబు సంగతి, ఎస్టిమేట్‌లో కొట్టేసిన టైల్స్ సంగతి, నీళ్లు పోయొద్దన్న సంగతి. ఆమె మొత్తం విని, "మాకప్పుడు తెల్వకపాయె బాబాయ్, ఎండలే ఎక్కువున్నయి అనుకున్నం" అంది. కవరు తీసుకుంది. ఎంత ఉందో లెక్కపెట్టుకుని బియ్యం డబ్బాలో పెట్టింది. అలా లెక్కపెట్టుకోవడం నాకు న్యాయంగా తోచింది.

తర్వాత ఆటో డ్రైవరింటికి వెళ్లాను. ఇల్లు పూర్తయి ఏడాది దాటింది. అతని భార్యే మాట్లాడింది. "అప్పుడు ఆఫీసుల రూలు లేదన్నరు గదా సార్?"

"ఇప్పటికీ లేదమ్మా. అయినా వేసుకోవాలి. నేనప్పుడు చెప్పకపోవడం తప్పు" అన్నాను.

"రూలు లేకపోతే ఎందుకు చెప్తున్నరు మరి?" అని నిలదీసింది. అడగాల్సిందే. స్లాబు మీద మధ్యాహ్నం చెప్పుల్లేకుండా నిలబడగలరా అని అడిగాను. ఆమె నవ్వలేదు, వాళ్ల చిన్నాయనకు మొన్నటి వేసవిలో వడదెబ్బ తగిలి ఆసుపత్రిలో పెట్టారట. కంపెనీ పూత కొనే స్తోమత లేకపోతే మంచి సున్నం, అది ఊడిపోకుండా జిగురు కలిపి, స్లాబు శుభ్రంగా కడిగి ఆరాక రెండు చేతులు వేయొచ్చని, వానలకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా మాఘమాసంలో మళ్లీ వేయాలని చెప్పాను. దుమ్ము పట్టి నల్లబడితే తెల్లదనంతో పాటు ఫలితమూ పోతుంది, ఎండాకాలం మధ్యలో ఒకసారి కడగాలి. మా ఊళ్లో బొగ్గు దుమ్ము ఎక్కువ. మరుసటి ఆదివారం ఆటోలోనే సున్నం బస్తా తెచ్చుకున్నారు. బ్రష్షు నేనిచ్చాను.

కౌంటర్లో నా ముందు నిలబడి అడిగి, రూలు లేదనిపించుకుని వెళ్లిన వాళ్లలో గుర్తున్నంత మందిని ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. ఇళ్లు వెతుక్కోనక్కర్లేదు, ఏ ప్లాటు ఎక్కడుందో ఆ ప్లాన్లు చూసినవాడిని కాబట్టి నాకు తెలుసు. కొందరు వింటున్నారు, కొందరు కాఫీ ఇచ్చి పంపేస్తున్నారు. ఒకాయన ఇప్పుడు స్లాబు వేయబోతున్నాడు, ఇంకా సెంట్రింగ్ కూడా బిగించలేదు. అతనికి ఇంజనీరు ఎస్టిమేట్ కాగితం తీసి ఉంచమన్నాను. రేపు పొద్దున కలిసి కూర్చుంటాం.